రెండో కాలు

చొల్లంగి దాటాక, నీరు తీసిన పర్ర మీద
నా స్కోపు మూడు కాళ్లతో నిలబడుతుంది.
ఉల్లంకులు రెండు కాళ్లతో పరుగులు.
వాటికి కాస్త అవతల పెమ్మాడి గంగాభవాని
మోకాళ్ల మీద కూలబడి
భుజందాకా చెయ్యి పీత బొరియలో పెట్టి
లోపల ఉందో లేదో వేలి చివరతో వింటూ.

నా పని లెక్క.
ఉత్తరాన మంచు విడిచిన చిత్తడిలో పొదిగి
దారిలో చైనా బురదల్లో నాలుగు వారాలు మేసి
కార్తీకానికి ఈ బురదకి దిగే పిట్టలు
పాతికేళ్లకి ఎన్ని మిగులుతాయో చెప్పాలి.
దానికో మోడల్ కట్టాను.
సముద్రం ఎంత ఎక్కుతుందో ఒక అంకె,
ధవళేశ్వరం దగ్గరే ఆగిపోయే ఒండ్రుకి ఒక అంకె,
మడ కొట్టి తవ్విన రొయ్యల చెరువులకి
ఏడాదికో కొత్త అంకె.

తాళ్ళరేవు గదిలో, కరెంటు నిలకడగా ఉండే అర్ధరాత్రి
లాప్‌టాప్ కింద స్టీలు పళ్లెం బోర్లించి నడుపుతాను.
వెయ్యిసార్లు నడిపితే వెయ్యి శీతాకాలాలు.
కొన్నిట్లో పర్ర ఉంది, పిట్ట రాలేదు.
కొన్నిట్లో పిట్ట వచ్చింది,
కాలు మోపడానికి పర్ర లేదు.

చిక్కు ఒక్కచోటే.
మూడేళ్ల కిందట వల వేసి పట్టి
కుడికాలికి పచ్చబిళ్ల తొడిగి వదిలినవాటిలో
నలభై ఒకటో నంబరు నిరుడు రాలేదు.
ఈ ఏడూ రాలేదు.
చచ్చిందా, వేరే తీరం చూసుకుందా?
సమీకరణానికి రెండూ సున్నాయే.
దీనికి మర్యాదైన పేరు కూడా పెట్టుకున్నాం:
కనబడే మనుగడ.

దోనె అంచున కూచుని చద్దన్నం తింటున్న గంగాభవానికి
ఈ ముక్క చెప్పాను, నవ్వుతుందని.
"మా కార్డులో ఇంకా నలుగురవండి" అంది.
నాలుగో పేరు తమ్ముడు నూకరాజుది.
తుఫాను ముందురోజు బైరవపాలెం మొగ దాటిన పడవలో ఐదుగురు.
ఒకడు ఈదుకొచ్చాడు. ముగ్గుర్ని అల తెచ్చింది.
సర్వేకొచ్చినవాళ్లు ప్రతిసారీ పెన్ను తీస్తారట,
కొట్టెయ్యమంటావా అక్కా, అని.
"ఐదు కేజీల బియ్యం కోసమంటారండి ఊళ్లో.
అననీండి."
చెయ్యి కడుక్కుంది. గిన్నె బోర్లించింది.
"మీ పిట్టకి రాలేదని రాయండి.
పోయిందని మాత్రం రాయకండేం."

అలా రాయడానికి నా దగ్గర గడి లేదు.
ఆ రాత్రి ఒకటి పెట్టి చూశాను.
ఎర్రటి అక్షరాలు పడ్డాయి. విలువ లేదు, అని.
వెయ్యి శీతాకాలాలూ ఒక్కసారే ఆగిపోయాయి,
పళ్లెం మీద ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
దాచడమెందుకు, తెల్లారి తీసేశాను.
శుక్రవారానికి నివేదిక పంపాలి.
పంపుతుంటే అప్పుడు తట్టింది:
ఆ వెయ్యింటిలో ఒక్కదాన్లోనూ ఈమె లేదు.
పర్ర పోతే పీత ఎటు పోతుందో,
పీత వెనక ఆమె ఎటు పోతుందో
నేను ఏ అంకెనీ అడగలేదు.

ఇవాళ పోటు మొదలైంది.
మిగిలిన బురద పట్టీ మీదికి జరిగి జరిగి
రెండొందల దాకా ఉంటాయి,
గాలికి ఎదురు నిలిచి, ముక్కులు రెక్కల్లో దూర్చి.
చివర ఒకటి కాస్త ఎడంగా
ఎడమకాలి మీద నిద్రపోతోంది.
ఎడమకాలికి ఏమీ లేదు.
కుడికాలు పొట్ట ఈకల్లో ముడిచి ఉంది.

గంగాభవాని బురద ముద్ద ఒకటి తీసి
విసరనా, అన్నట్టు చూసింది.
వద్దన్నాను.
నీళ్లు ఇంకో మూరెడు ఎక్కాలి.
ఎక్కితే అదే దించుతుంది.
ఆమె కూడా పీతల బుట్ట మూత బిగించి
నా పక్కనే నిలబడింది,
చల్లగా మడమలకి తగులుతున్న నీళ్లలో.